బొంతలో గంజి చీర

పెనుగొండలో లూథరన్ గుడి వెనుక వీధిలో నివసించే సంపూర్ణమ్మకు దేవుడు రెండు వరాలిచ్చాడు. ఒకటి కుట్టడం ఎరిగిన చేయి. రెండవది ఎదుటివారి కుట్టులో తప్పు పట్టగల కన్ను. మొదటి వరాన్ని ఆమె వీధి అంతటికీ పంచిపెట్టింది. రెండవ దానిని లోలోపలే దాచుకున్నానని అనుకొనేది గాని, అది దాగే గుణం కలది కాదు. పెండ్లి పందిట్లో గాని, ప్రార్థన కూటంలో గాని, ఎవరి రవిక భుజం మీద చిన్న ముడత పడినా ఆ కన్ను పోయి అక్కడ వాలేది.

ఆ వీధిలో ఒక ఆచారం ఉన్నది. బాప్తిస్మానికి గుడికి తీసుకొనిపోయే బిడ్డను అంగడిలో కొన్న తువ్వాలులో చుట్టరు. అమ్మమ్మ కుట్టిన చిన్న బొంతలో చుట్టి తీసుకొనిపోతారు. ఆ బొంతకు పైనా కిందా అమ్మమ్మ చీర. నడుమ, కంటికి కనబడని పొరగా, నాయనమ్మ చీర. రెండు వంశాలను ఒకే దారంతో కలిపి, ఆ కలయికలో నుండి వచ్చిన ప్రాణాన్ని అందులో పొదివి దేవుని సన్నిధికి సమర్పించడం దాని భావం. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. మానినవారు మాత్రం లేరు.

కుట్టడం రాని అమ్మమ్మలు సంపూర్ణమ్మ ఇంటికి చీరలు తెచ్చేవారు. ఆమె తన నల్లని తొక్కుడు మిషను ముందు కూర్చొని, పాత నేత చీరలను పొరలుగా పరచి, దూరపు టాకాలు వేసి, నడుమ నుండి అంచుల వైపు కుట్టుకుంటూ పోయేది. ఆ వీధిలో ఇప్పుడు మీసాలు దువ్వుకొని తిరిగే మగవారిలో సగంమంది ఒకనాడు ఆమె బొంతలో ఒదిగి కేరుకేరుమన్నవారే.

ఆమెకు పేరు తెచ్చినది పైకుట్టు కాదు, అడుగుకుట్టు. బొంతను తిరగవేస్తే ఏది పైవైపో ఏది అడుగువైపో తెలియకూడదన్నది ఆమె నియమం. "పైన కనిపించేది మనుషులకి, అడుగున ఉండేది దేవుడికి" అనేది. అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడితే దోషం అడుగుదారంలో లేదనీ, పైదారానికి బిగువు చాలలేదనీ, పైదారం తీగ పరచినట్టు తిన్నగా పడుకుంటే బిగువు మించిందనీ, కుట్టు మధ్యమధ్య తప్పిపోతూ ఉంటే మొట్టమొదట సూదిని అనుమానించాలనీ, తన దగ్గర పని నేర్చిన ఆడపిల్లలందరికీ బోధించింది.

ఇంత చేసిన ఆమెకు కూతురు లేదు. ఉన్నది ఒక్కడే కొడుకు, కిరణ్ కుమార్. తణుకులో ఒక సహకార బ్యాంకులో గుమాస్తా. మాస్టారు ఉద్యోగం చేసిన భర్త పోయి కొన్నేళ్లయింది. కూతురు లేని స్త్రీ అమ్మమ్మ కాలేదు. ఊరి బిడ్డలందరికీ బొంతలు కుట్టిన చేతికి, సొంత వంశాంకురానికి బొంత కుట్టే అధికారం లేకపోయింది. కోడలు ఆశాజ్యోతి పురిటికి పుట్టింటికి, జంగారెడ్డిగూడేనికి వెళ్లిన నాటి నుండి ఈ సంగతి సంపూర్ణమ్మ గుండెలో, చీరలో మరచిపోయిన గుండుసూది వలె, కదిలినప్పుడల్లా గుచ్చుకొంటూ వచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. కొద్ది వారాలకు వియ్యపురాలు రాజరత్నం ఫోను చేసింది.

"వదినగారూ, బాగున్నారాండీ? మీ మనవరాలు అచ్చం మీ పోలికేనండి. పాలు కాస్త ఆలస్యమైతే చాలు, ఆయిల్‌పామ్ తోటలదాకా వినబడేలా అరుస్తోంది."

"మా ఇంటి గొంతు అదేనండి, గుడిలో పాటకి పనికొస్తుంది. మీ పోలికొచ్చుంటే పెదాలు కదిపేది, పాట మాత్రం బయటికొచ్చేది కాదు."

వియ్యపురాళ్ల నడుమ ఈపాటి ఎత్తిపొడుపు మర్యాదలో భాగమే. అది లేనినాడే లోపల కోపమేదో ఉన్నదని లోకం అనుమానిస్తుంది.

"సర్లెండి. బాప్తిస్మం బొంత నేనే కుడుతున్నానండోయ్! మా ఆయన మోటారు మిషను కొన్నారు కదా. ఫోన్లో వీడియోలు చూసి నేర్చేసుకున్నాను. లోపలి పొరకి మీ పాత చీరొకటి పంపండి. మెత్తగా నలిగిందైతే చాలు, ఎలాగూ కనిపించేది కాదుగా."

"అలాగేనండి" అన్నది సంపూర్ణమ్మ.

ఫోను పెట్టివేసిన తరువాత ఆ చివరిమాట మాత్రం ఆమె చెవిలో ఆగిపోయింది. కనిపించేది కాదుగా. ఆచారం అదేనని ఆమెకు తెలుసు. ఎందరో నాయనమ్మల చీరలను తన చేతులతోనే నడిమి పొరగా పరచినది కూడా ఆమే. అయినా, పరచే చేయి ఎరుగని బాధను పరచబడే చీర ఎరుగుతుంది కాబోలు.

ఆమె బీరువా తెరచింది. నలిగిన చీరలు చాలా ఉన్నాయి. వాటి మీద చేయి వేయలేదు. బండారులంక నేతచీర, ముదురు మెరూను అంచుది, మాస్టారు కొన్నది, తీసింది. అది పాతదే. కాని వియ్యాలవారి ఇంటికి పోయే చీర పాతగా పోవడానికి వీల్లేదు. గంజి లేని చీర కట్టుకొని గుడికి వెళ్లిన ఆదివారం ఆమె జీవితంలో ఒక్కటీ లేదు. సగ్గుబియ్యం చిక్కగా కాచి, ఎప్పుడూ పెట్టే దానికి రెట్టింపు పెట్టి, ఎండలో ఆరవేసి, నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేసింది. మడత పెట్టి నిలబెడితే చీర అట్టముక్క వలె నిలబడింది. కొడుకు చూచి నవ్వాడు.

"బొంతకి పంపుతున్నావా, పెళ్లికి పంపుతున్నావా అమ్మా?"

"వాళ్లింట్లో నలుగురూ చూస్తార్రా. సంపూర్ణమ్మ గారు గుడ్డపీలిక పంపిందనిపించుకోమంటావా?"

చీర జంగారెడ్డిగూడెం బస్సు ఎక్కింది. ఆ మరునాడే సంపూర్ణమ్మ మిషను మీది గుడ్డ తొలగించి, మరొక బొంత మొదలుపెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు గనుక ఆమె ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది. తనకు తాను మాత్రం, "ఎందుకైనా మంచిది, ఒకటి సిద్ధంగా ఉండాలి" అని చెప్పుకొన్నది. పైపొర తన చీరే. కింది పొర తన చీరే. నడిమి పొరకు వియ్యపురాలి చీర కావాలి. దాన్ని ఎలా అడగగలదు? అందుచేత అదీ తనదే పెట్టింది. జన్మలో ఎన్నడూ కుట్టనంత దగ్గర దగ్గరగా, సన్నగా, వరుస తప్పకుండా కుట్టింది.

అటు నుండి ఫోనులో బొమ్మలు వచ్చేవి. రాజరత్నం ఒడిలో మనవరాలు. రాజరత్నం భుజం మీద మనవరాలు. రాజరత్నం తెల్లని మోటారు మిషను పక్కన మనవరాలు. సంపూర్ణమ్మ రెండు వేళ్లతో ఆ బొమ్మను పెద్దది చేసేది. పసిదాని ముఖం చూడడానికి కాదు, మిషను మీద పరచిన గుడ్డ మీది కుట్లు చూడడానికి. చూచిన తరువాత సిగ్గుపడేది. సిగ్గుపడిన తరువాత మళ్లీ చూచేది. అసూయకు ఆకలి తీరడమన్నది లేదు, ఎంత పెట్టినా విస్తరి ముందు నుండి లేవదు. సాయంకాల ప్రార్థనలో, "వదినగారి చేతిపనిని దీవించు ప్రభువా" అని ఆమె పెదవులు పలికేవి. హృదయం మాత్రం ఆమేన్ అనేది కాదు.

బాప్తిస్మం ఆదివారానికని నిశ్చయమైంది. అంతకు ముందు వారం, మిట్టమధ్యాహ్నం, రాజరత్నం వీడియో కాల్ చేసింది. ముఖం చెమటతో తడిసి ఉన్నది.

"వదినగారూ, కుట్టు తప్పుతోందండి! నాలుగు పడితే ఒకటి ఎగిరిపోతోంది. మధ్యలో దారం కూడా తెగుతోంది. మీరే దిక్కు."

సంపూర్ణమ్మ హృదయంలో ఏదో చల్లగా పారింది. దానిని ఆమె జాలి అని పిలుచుకొన్నది.

"సూది మార్చారాండీ?"

"మార్చానండి. పద్నాలుగు నంబరు తీసి పదహారు వేశాను."

"చదును వైపు సరిగ్గా పెట్టారా? తిరగబడితే కుట్టు పడదు."

"చూసే పెట్టానండి."

"దారం ఎక్కించేటప్పుడు మిషను పాదం ఎత్తారా? పాదం దించి ఎక్కిస్తే బిగువు బిళ్లల మధ్యకి దారం దిగదు."

"ఎత్తే ఎక్కించానండి. బాబిన్ విప్పి మళ్లీ చుట్టాను. గుడ్డని జరిపే పళ్ల కింద నూగు కూడా బ్రష్షుతో దులిపేశాను."

ఈ జవాబులు వింటూ ఉంటే సంపూర్ణమ్మకు లోపలి చల్లదనం తగ్గి మంట మొదలైంది. తాను చెప్పబోయే మాటలన్నీ, తాను చెప్పే వరుసలోనే, ఈవిడ ముందుగానే చేసి కూర్చున్నది. గాలిలో నుండి వచ్చే పాఠాలు ఇంత చక్కగా ఉంటే, ఇన్నేళ్లు ఈ మిషను ముందు అరగదీసుకొన్న నడుముకు విలువేమిటి?

"ఏదీ, ఒకసారి నడపండి. ఫోను దగ్గరగా పెట్టండి."

రాజరత్నం ఫోనును దారపు రీళ్ల డబ్బాకు ఆనించి మిషను నడిపింది. అంచు దగ్గర కుట్టు ముత్యాల వరుస వలె పడింది. అక్కడ ఉన్నది రాజరత్నం చీర పొరలు మాత్రమే. సూది రెండంగుళాలు లోపలికి, నడిమి పొర మొదలయ్యే చోటికి చేరిందో లేదో, ధ్వని మారింది. ఎండిన విస్తరాకును పుల్లతో గుచ్చితే వచ్చే ధ్వని. టప్, టప్, టప్. కుట్టు ఎగిరింది.

ఆ క్షణంలో సంపూర్ణమ్మకు తెలిసిపోయింది. అది మెత్తని నేతగుడ్డలో సూది దిగే చప్పుడు కాదు. అట్టగట్టిన గంజిలో దిగే చప్పుడు. గంజి సూదికి పట్టుకొంటుంది. సూది బరువెక్కి, దారం దాని వెంట వదులుగా కదలక, కింద షటిల్ అందుకోవలసిన ఉచ్చు ఏర్పడదు. ఉచ్చు లేనిచోట కుట్టు లేదు. సూది మార్చినా, దారం మార్చినా, బిగువు సవరించినా ప్రయోజనం లేదు. నడిమి పొరను విప్పి తీసి, వేడినీళ్లలో గంజి వదిలించాలి. ఒక్క మాట చెబితే చాలు.

ఆ ఒక్క మాట చెప్పాలంటే, బొంతలోకి పోయే చీరకు గంజి పెట్టిన ఘనురాలు ఈ ప్రపంచంలో తానొక్కతెనని ఒప్పుకోవాలి. చెప్పకపోతే, ఆ బొంత ఆదివారానికి పూర్తి కాదు. పూర్తి కాకపోతే, బీరువాలో మరొకటి సిద్ధంగా ఉన్నది.

"మోటారు మిషన్లు అంతేనండీ. ఆ వేగానికి మన బొంతలు ఆగవు" అన్నది.

"అంతేనంటారా?" అన్నది రాజరత్నం చిన్నబోయి.

"నిదానంగా చూడండి మరి" అని సంపూర్ణమ్మ ఫోను పెట్టివేసింది. అన్నది పూర్తిగా అబద్ధం కాదు. అందుచేత అది మరింత సుఖంగా నోట్లో నుండి వచ్చింది. ఆ పూట ఆమె అన్నం బాగా తిన్నది. సాయంత్రం ప్రార్థనకు కూర్చుంటే మాత్రం మాటలు రాలేదు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని లేచిపోయింది.

శుక్రవారం ఉదయం, వాకిట్లో ఆటో ఆగింది. రాజరత్నం దిగింది. జంగారెడ్డిగూడెంలో తెల్లవారగానే బస్సెక్కి, తాడేపల్లిగూడెంలో మారి, తణుకులో మారి వచ్చింది. ఒక చేతిలో జీడిపప్పు సంచి, మరొక చేతిలో పాతదుప్పటిలో చుట్టిన మూట. పిల్లనూ తల్లినీ తీసుకొని ఆమె భర్త శాంతికుమార్ మరునాడు కారులో వస్తాడట.

"ఇదిగోండి, మీ శరణు చొచ్చాను" అని మూటను మిషను మీద పెట్టింది. "మోటారు వేగానికి ఆగదన్నారుగా. మీ తొక్కుడు మిషను మీద, మీ చేత్తో వేసేయండి. మీకు లొంగని కుట్టుందా?"

సంపూర్ణమ్మకు ఏమి జరగబోతున్నదో తెలుసు. అయినా కూర్చున్నది. తెలివికి తెలిసినదానిని గర్వం ఎన్నడూ ఒప్పుకోదు. తన గంజిని తన చేయి జయిస్తుందేమోనన్న ఆశ ఆమెను బల్ల ముందు కూర్చోబెట్టింది. లావు సూది ఎక్కించింది. సబ్బుముక్క తీసుకొని కుట్టు పడే గీత వెంట రుద్దింది. అది పాత దర్జీల ఉపాయం. పాదం దించి తొక్కింది. మూడు జానలదాకా కుట్టు చక్కగా నడిచింది. ఆమె ఊపిరి వదిలింది. టప్, టప్. కుట్టు ఎగిరింది. మళ్లీ తొక్కింది. మళ్లీ ఎగిరింది. దారం తెగింది.

పక్కన నిలబడి చూస్తున్న రాజరత్నం తల వంచి మిషను కిందికి చూచింది.

"ఓహో. మీ మిషనుకీ మోటారు పెట్టించారాండీ?"

సంపూర్ణమ్మ చెవులు ఎర్రబడ్డాయి. "సూది మొద్దుబారింది. ఆ బీరువా పై అరలో కొత్త సూదుల పొట్లం ఉంటుంది, కాస్త అందుకోండి" అన్నది, ఆ అరలో ఇంకేమున్నదో ఆ తొట్రుపాటులో మరచిపోయి.

బీరువా తలుపు కిర్రుమన్నది. సంపూర్ణమ్మకు జ్ఞాపకం వచ్చి తల తిప్పేసరికి, రాజరత్నం చిన్న బొంతను మంచం మీద పరచి, దాని మీద అరచేతితో నిమురుతూ ఉన్నది. పరుపును తిరగవేసినట్టు నెమ్మదిగా దానిని తిరగవేసింది. అడుగుకుట్టు చూచింది. మళ్లీ పైవైపు తిప్పింది. ఏది పైదో ఆమెకూ తెలియలేదు కాబోలు, మరొకసారి తిప్పింది.

"ఇది ఎవరికండీ?"

సంపూర్ణమ్మ తెగిన దారపు కొసను వేలికి చుట్టుకొన్నది.

"పైన ఎవరి చీర?"

"నాది."

"కింద?"

"నాదే."

"లోపల?"

"అదీ నాదే."

"మరి నేనెక్కడున్నానండీ ఇందులో?"

కోపంగా అడిగి ఉంటే సంపూర్ణమ్మ దగ్గర జవాబులు చాలా ఉండేవి. రాజరత్నం కోపంగా అడగలేదు. మంచం అంచున కూలబడి, బొంత మూలను వేళ్ల మధ్య పట్టుకొని, ఆ కుట్ల వంక చూస్తూ అడిగింది.

"పోనీలెండి. ఆదివారం దీన్నే వెయ్యండి. ఇది చూశాక నాది ఎవరు చూస్తారు? మా జ్యోతి చిన్నప్పుడు ఒక్క గౌను కూడా నా చేత్తో కుట్టలేదండి, అన్నీ కొన్నవే. దాని పిల్లకైనా ఒకటి కుడదామనుకున్నాను. వారం రోజుల్నుంచీ చూస్తున్నా, నా చేతికి కుట్టు రాదు. కొందరి చేతులంతే."

ఇదిగో, సంపూర్ణమ్మ ఇన్ని దినాలుగా కోరుకొన్నది. అడగకుండానే వచ్చి ఒడిలో పడింది. వియ్యపురాలు తన నోటితో తానే ఓటమి చెప్పింది. ఇక చేయవలసిందల్లా, "అయ్యో, అలా అనకండి" అని రెండుసార్లు మర్యాదకు అని, మూడోసారి ఊరుకోవడమే.

కాని ఆ విజయాన్ని నాలుక మీద వేసుకొని చూస్తే దానికి రుచి లేదు. రాజరత్నం చేయి ఓడిపోయిందా? లేదు. అంచు మీది కుట్లను సంపూర్ణమ్మ ఫోనులో చూచింది, ఇప్పుడు కళ్లారా చూచింది. నేర్చి నెలలు కాలేదు, అయినా వరుస తప్పలేదు. ఆ కుట్టుతో తన కుట్టు తలపడనేలేదు. తలపడినది తన సగ్గుబియ్యం గంజి. గంజి గెలిచిన పందెంలో చేతికి పేరెలా వస్తుంది? నిజంగా గెలవగోరిన అసూయ, దొంగగెలుపును అందరికంటే ముందుగా తానే అసహ్యించుకొంటుంది.

ఆమె మిషను నుండి సూదిని ఊడదీసింది. తెచ్చి రాజరత్నం అరచేతిలో పెట్టింది.

"బెజ్జం దగ్గర గోటితో గీకండి."

రాజరత్నం గీకింది. తెల్లని పొక్కు ఒకటి రాలింది.

"ఏంటండీ ఇది?"

"సగ్గుబియ్యం. మీ చేతిలో ఏ లోపమూ లేదండీ. లోపం నా చీరలో ఉంది. రెట్టింపు గంజి పెట్టి పంపాను."

"గంజా? బొంతలోకా? బొంతకి గంజి పెడతారాండీ ఎవరైనా?"

"వియ్యాలవారింటికి వెళ్లే చీర నలిగి వెళ్తుందాండీ?"

రాజరత్నం నోరు తెరచి చూచింది. ఆ తరువాత నవ్వింది. మంచం కిర్రుకిర్రుమనేటట్టు నవ్వింది. "అట్టముక్కలా వచ్చిందండి! మా ఆయన చూసి, మీ వదినగారు చీర పంపారా, కేలెండరు పంపారా అన్నారు." నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగింది. "అయితే... ఫోన్లో ఆ రోజు మీకు తెలియలేదా?"

సంపూర్ణమ్మ మిషను చక్రం మీద చేయి వేసి నిలబడింది.

"తెలిసింది."

"తెలిసే మోటారు అన్నారా?"

"తెలిసే అన్నాను."

కిటికీ బయట ఎవరో కొబ్బరిమట్టలు ఈడ్చుకుపోతున్నారు. రాజరత్నం చేతిలోని సూదిని బొంత మూలకు గుచ్చింది.

"నేనూ తక్కువదాన్ని కాదులెండి. ఎలాగూ కనిపించేది కాదుగా అన్నానే, అది కావాలనే అన్నాను. పిల్ల మీ పోలిక. మా జ్యోతేమో, మా అత్తయ్య పులుసు ఇలా పెడతారు, మా అత్తయ్య పాట ఇలా పాడతారు అని, నా ఇంట్లో కూర్చుని రోజంతా మీ సంకీర్తనే. బొంతలోనైనా మీరు కనబడకుండా ఉంటే బాగుండుననిపించింది."

"జ్యోతి అలా అంటుందా?" అన్నది సంపూర్ణమ్మ.

"ఇదిగో, ఇదే! నేనేం చెప్తున్నాను, మీరేం పట్టుకున్నారు!"

బ్లేడుముక్కలు పట్టుకొని ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. రాజరత్నం వారం రోజుల కష్టం, కుట్టు తరువాత కుట్టుగా ఊడి వచ్చింది. నడిమి పొరను తీసి సలసల కాగిన నీళ్లలో ముంచితే, కుండలో బియ్యం కడిగినట్టు తెల్లని నీరు దిగింది. రెండు మార్లు నీరు మార్చి, పిండి, తీగ మీద ఆరవేశారు. ఎండ గట్టిగా ఉండడం వలన భోజనాలయ్యేసరికి చీర ఆరింది. గంజి వదిలిన ఆ బండారులంక చీర ఎంత మెత్తగా ఉన్నదో సంపూర్ణమ్మకే ఆశ్చర్యం కలిగింది. ఇన్నేళ్లలో అది ఆమె ఒంటి మీద ఒక్కనాడూ అంత మెత్తగా లేదు.

పొరలు మళ్లీ పరచి, టాకాలు వేసి, మిషను మీద పెట్టాక, సంపూర్ణమ్మ అలవాటు చొప్పున బల్ల మీద కూర్చోబోయింది. సగం వంగి, ఆగింది. ఆమె వేళ్లు ఆ గుడ్డ కోసం దురద పెడుతున్నాయి. లేచి పక్కకు తప్పుకొన్నది.

"కూర్చోండి."

"నాకు తొక్కుడు మిషను రాదండి."

"రాకపోతే? బొంత అమ్మమ్మది కదా. కూర్చోండి."

రాజరత్నం కూర్చొని తొక్కింది. చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కుమన్నది. మళ్లీ ఎక్కించింది. మళ్లీ వెనక్కి తిరిగింది. మోటారు మీట మీద ఒక బొటనవేలు ఆనించి నేర్చిన పాదానికి, ముందు మడమ, తరువాత మునివేళ్లు అన్న ఆ లయ అందలేదు. సంపూర్ణమ్మ చూచి చూచి, వంటింట్లో నుండి ముక్కాలిపీట తెచ్చి, వియ్యపురాలి పక్కన ఇరుక్కొని కూర్చొని, తన కుడిపాదం తొక్కుడుపలక మీద వేసింది.

"కాలు తియ్యండి. మీరు గుడ్డ సంగతి చూసుకోండి."

"ఇలా కుడతారాండీ ఎక్కడైనా?"

"బొంతకి గంజి పెడతారాండీ ఎక్కడైనా? నడపండి. గుడ్డని లాగకండి, దానంతటదే పోనివ్వండి. కిందికి వేలాడితే బరువుకి కుట్టు పొట్టిదవుతుంది. ఆ కొస ఇలా నా ఒళ్లో వెయ్యండి."

సూది దిగింది. ఈసారి చప్పుడు లేదు. వెన్నలో వేలు దిగినట్టు దిగి, లేచింది. కుట్టు తరువాత కుట్టు, ఒక్కటీ తప్పకుండా, అంచు నుండి నడుమకు, నడుమ నుండి అంచుకు పోయింది.

"వంకర పోతోందండీ ఎడమకి."

"మీరే మెడ వంకరగా పెట్టి చూస్తున్నారు వదినగారూ. తిన్నగా కూర్చోండి."

"నేను కూర్చునేందుకు చోటెక్కడ ఉంచారు?"

ఆ కుట్టు అక్కడక్కడా నూలుపోగంత పక్కకు పోయిన మాట నిజమే. సంపూర్ణమ్మ కన్ను ప్రతిచోటా వాలింది. తన చేయి అయితే అక్కడ పోనిచ్చేది కాదు. ఆ ఎరుక ఆ సాయంత్రమంతా ఆమెను గిల్లుతూనే ఉన్నది. పాదం మాత్రం లయ తప్పలేదు.

ఆదివారం గుడి నిండింది. తెల్లని గౌనులో, మెరూను రంగు ఎక్కడా కనబడని బొంతలో, మనవరాలు రాజరత్నం చేతుల మీద ముందు వరుసలో ఉన్నది. పక్కన ఆశాజ్యోతి, ఆమె పక్కన కిరణ్ కుమార్. అయ్యగారు నీళ్లు చల్లి పేరు పెట్టగానే ప్రసన్నజ్యోతి పేరుకు తగినట్టు కాక గుడి పైకప్పు ఎగిరేటట్టు ఏడ్చింది. ఆరాధన అయ్యాక ఆడవారంతా చుట్టూ మూగారు. బుగ్గలు పుణికారు, వేళ్లు లెక్కపెట్టారు, ముక్కు ఎవరిదని వాదించుకొన్నారు. బొంత వంక చూచినవారు ఒక్కరూ లేరు.

సంపూర్ణమ్మ కాసేపు ఓర్చుకొన్నది. రాజరత్నం ముఖం చూచింది. ఆ ముఖంలో చిరునవ్వు అలాగే ఉన్నది గాని, కళ్లు ఒక్కొక్క స్త్రీనీ ఆశగా అడిగి, నిరాశతో వదలిపెడుతున్నాయి. ఆ చూపు ఏమి వెదుకుతున్నదో ఆ గుడి అంతటిలో తెలిసినది సంపూర్ణమ్మ ఒక్కతెకే. ఆమె గుంపును తోసుకొని ముందుకు పోయి, పసిదాని కాళ్ల దగ్గర బొంత మూలను ఎత్తి, తిప్పి, అయ్యగారి భార్య కళ్ల ముందు పెట్టింది.

"అమ్మగారూ, అడుగుకుట్టు చూడండి. ఒక్కటైనా తప్పిందేమో చూడండి. మా వదినగారు కుట్టారు."

"చాలా బాగుందమ్మా" అన్నది అమ్మగారు, పసిదాని పాదం ముద్దు పెట్టుకొంటూ. "అబ్బ, ఈ కాళ్లు చూడండి, ఎంత ఎర్రగా ఉన్నాయో!"

ఇద్దరు వియ్యపురాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు.

"ఆవిడకి కుట్టు గురించి ఏం తెలుసు వదినగారూ" అన్నది రాజరత్నం, గొంతు తగ్గించి.

"ఆవిడ రవిక భుజం చూశారా?" అన్నది సంపూర్ణమ్మ.